ఫ్రేము అంచున మైకు

చిత్రీకరణ జరుగుతున్న చోటనే, కెమెరా నడుస్తున్న వేళనే, నటుల నోటి మాటను తెరమీద వినిపించడానికి పనికొచ్చే నాణ్యతతో పట్టుకోవడాన్ని సింక్ సౌండ్ అంటారు. షూటింగులో గుర్తు కోసం మాత్రమే ఒక పైలట్ ట్రాక్ తీసుకుని, ఆ తర్వాత డబ్బింగ్ థియేటర్లో ఆ నటుడి చేతనో మరొకరి చేతనో అవే మాటలు మళ్లీ చెప్పించడం రెండో పద్ధతి. తెలుగు చిత్రపరిశ్రమకు దశాబ్దాలుగా అలవాటైనది ఇదే. ఈ రెంటిలో ఏది మేలన్న చర్చ వచ్చినప్పుడు నటనలోని సహజత్వం, ఖర్చు, కాల్షీట్ల సర్దుబాటు వంటివి ముందుకు వస్తాయి గాని, చిక్కుముడి అంతా భౌతికశాస్త్రంలో ఉంది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, నటుడి పెదవులకూ మైకుకూ నడుమ ఉండే జానెడో మూరెడో దూరంలో ఉంది.

పెళ్లిపందిట్లో సన్నాయి, డోలు, వంటశాల కేకలు అన్నీ కలిసి మోగుతున్నా ఎదురుగా ఉన్న మనిషి మాటను పోల్చుకోవడం ఎవరికైనా సాధ్యమే. ఈ సామర్థ్యాన్ని 1953లో కాలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త ప్రయోగాలతో పరిశీలించాడు. రెండు చెవులకు చేరే ధ్వనుల మధ్య ఉండే అతి స్వల్పమైన కాలభేదాన్నీ తీవ్రతాభేదాన్నీ మెదడు లెక్కగట్టి, వాటికి గొంతు తీరును, భాషాపరిచయాన్ని, పెదవుల కదలికను జోడించి, కావలసిన మాటను ముందుకు తెచ్చి తక్కిన రొదను వెనక్కు నెడుతుంది. మైకుకు ఆ వెసులుబాటు లేదు. సినిమా పనిలో ఎక్కువగా వాడే కండెన్సర్ మైకులో కొన్ని మైక్రాన్ల మందం మాత్రమే ఉన్న ఒక పలుచని పొర, దానికి అతి సమీపంలో ఒక లోహపు పలక ఉంటాయి. గాలిలోని పీడనం మారినప్పుడల్లా పొర కదలడం, ఆ కదలికతో రెండింటి మధ్య విద్యుత్ ధారణశక్తి మారడం, ఆ మార్పు సంకేతంగా బయటకు రావడం దాని పనితీరు. 1916లో అమెరికాలో ఇ. సి. వెంటే రూపొందించిన ఈ సూత్రం నేటికీ మారలేదు. పొరను తాకేది ఆ క్షణాన ఆ బిందువు దగ్గర ఉన్న మొత్తం పీడనమే తప్ప, అందులో కథానాయిక మాట వాటా ఎంత, పక్క వీధిలో ఆటో హారన్ వాటా ఎంత అన్న వివరం కాదు. కాబట్టి మెదడు చేసే ఎంపికను సెట్ మీద మైకు ఉన్న స్థానం చేయవలసి వస్తుంది.

ఆరుబయట, చుట్టూ గోడలు లేని చోట, మూలం నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని స్థాయి 6 డెసిబెల్లు తగ్గుతుంది. మైకును నోటికి 50 సెంటీమీటర్ల దూరం నుంచి 2 మీటర్లకు జరిపితే మాట 12 డెసిబెల్లు పడిపోతుంది, కాని ఎక్కడో దూరాన పోతున్న లారీ చప్పుడు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. రికార్డర్లో స్థాయి పెంచితే మాటతో పాటు లారీ కూడా పెరుగుతుంది గనుక, పోయినది తిరిగి రాదు. గదిలోకి వచ్చేసరికి సమస్య మరో రూపం దాలుస్తుంది. మాట నేరుగా మైకును చేరడమే కాక, గోడలకూ నేలకూ కప్పుకూ తగిలి వందల ప్రతిఫలనాలుగా ఆలస్యంగా వచ్చి చేరుతుంది. నేరుగా వచ్చే ధ్వని దూరంతో తగ్గుతుంది. ప్రతిఫలనాల మొత్తం గదంతటా ఇంచుమించు ఒకే స్థాయిలో పరచుకుని ఉంటుంది. ఈ రెండూ సమానమయ్యే దూరాన్ని సంధిదూరం అనుకోవచ్చు. గది ఘనపరిమాణాన్ని ప్రతిధ్వని కాలంతో, అంటే శబ్దం ఆగిన తర్వాత దాని ప్రతిధ్వని 60 డెసిబెల్లు తగ్గడానికి పట్టే సమయంతో, భాగించి, వచ్చినదానికి వర్గమూలం తీసి 0.057తో గుణిస్తే ఈ దూరం మీటర్లలో వస్తుంది. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న హాలులో సోఫాలు, తెరలు ఉండి ప్రతిధ్వని కాలం 0.6 సెకన్లయితే సంధిదూరం 57 సెంటీమీటర్లు. అదే హాలు గ్రానైట్ నేలతో, నున్నటి గోడలతో, సామాను లేకుండా ఉండి ఆ కాలం 1.5 సెకన్లకు పెరిగితే 36 సెంటీమీటర్లే. అన్ని వైపుల నుంచీ సమానంగా వినే మైకును అంతకన్నా దూరంగా పెడితే అందులో మాటకన్నా గది ఎక్కువ వినిపిస్తుంది. చూడముచ్చటగా ఉందని అద్దెకు తీసుకున్న బంగళాలో సౌండ్ రికార్డిస్టు మొదట చప్పట్లు కొట్టి చూడటం, ఆ వెంటనే కెమెరా కంటికి ఆనని గోడలకు దుప్పట్లు, బొంతలు వేలాడదీయించడం, నేల మీద తివాచీలు పరిపించడం ఈ కారణం చేతనే.

ఒక దిక్కునుంచి వచ్చే శబ్దాన్ని ఎక్కువగా, తక్కిన దిక్కుల శబ్దాన్ని తక్కువగా తీసుకునే మైకు వాడితే ఈ దూరం కొంత పెరుగుతుంది. హైపర్ కార్డియాయిడ్ అనే రకంతో అది రెట్టింపు అవుతుంది. పొడవాటి గొట్టంలా కనిపించే షాట్‌గన్ మైకు ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. గొట్టం పక్కలనంతా చీలికలు ఉంటాయి. ఎదురుగా వచ్చే తరంగం గొట్టం మూతి నుంచి ప్రవేశించినా చీలికల నుంచి ప్రవేశించినా పొరను చేరేసరికి ఒకే లయలో ఉంటుంది గనుక అన్నీ కలిసి బలపడతాయి. పక్కనుంచి వచ్చేది అన్ని చీలికల్లోకి ఒకేసారి చొరబడినా, ఒక్కొక్క చీలిక నుంచి పొరకు ఉన్న దూరం వేరు కాబట్టి లయ తప్పి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. అయితే ఈ ఉపాయం గొట్టం పొడవుతో పోల్చదగిన లేదా అంతకన్నా చిన్న తరంగాల మీద మాత్రమే పారుతుంది. 25 సెంటీమీటర్ల గొట్టం సుమారు 1,400 హెర్ట్జ్‌ల పైన చక్కగా పనిచేస్తుంది గాని, 100 హెర్ట్జ్‌ల వద్ద తరంగదైర్ఘ్యం 3.4 మీటర్లు కాబట్టి అక్కడ గొట్టం ఉన్నా లేనట్టే. పైగా గదిలో కప్పుకు తగిలి పక్కనుంచి వచ్చే ప్రతిఫలనాల్లో పై పౌనఃపున్యాలను మాత్రమే కోసి కింది వాటిని వదిలేయడం వల్ల మాటకు డొల్లతనం వస్తుంది. షాట్‌గన్ మైకు దూరపు శబ్దాన్ని దగ్గరకు లాగుతుందన్న నమ్మకం సెట్ల మీద బలంగా ఉంది. అది దేన్నీ లాగదు, పక్కవాటిని కొంతమేర అడ్డుకుంటుంది, అంతే. అనుభవజ్ఞులు దాన్ని ఆరుబయటకు ఉంచుకుని, ఇళ్లలో పొట్టి హైపర్ కార్డియాయిడ్ మైకునే పైకెత్తుతారు.

ఎత్తేది బూమ్ అనే పొడవాటి తేలిక కర్రతో. బూమ్ ఆపరేటర్ ఆ కర్రను రెండు చేతులతో తలపైకి ఎత్తి పట్టుకుని, మైకు కొనను నటుడి తలకు కాస్త ముందుగా, పైనుంచి ఛాతీ వైపు చూసేట్టు వంచి, ఫ్రేము పై అంచుకు వీలైనంత దగ్గరగా నిలుపుతాడు. సంభాషణ ఒకరి నుంచి మరొకరికి మారే సరికి మైకు కూడా తిరిగి ఉండాలి కాబట్టి మాటలు నటులకెంత కంఠతా వచ్చి ఉండాలో అతనికీ అంతే రావాలి. ఏ లైటు తన కర్ర నీడను ఎవరి ముఖం మీద పడేస్తుందో ముందే గమనించాలి. దగ్గరి షాట్‌లో ఫ్రేము పై అంచు నటుడి నుదుటి మీదే ఉంటుంది గనుక మైకు మూరెడు దూరానికి దిగిపోతుంది. విశాలమైన షాట్‌లో తలపైన ఆకాశమో గోపురమో కనిపిస్తూంటే అది రెండు మూడు మీటర్లు వెనక్కి పోక తప్పదు. ఒక్క కెమెరా ఉన్న కాలంలో ఇది సర్దుకునే విషయమే, ఎందుకంటే దృశ్యం దూరంగా ఉన్నప్పుడు శబ్దం కూడా కాస్త దూరంగా వినిపించడం చెవికి ఎబ్బెట్టు కాదు. ఒకే టేకును రెండు కెమెరాలతో, ఒకటి దగ్గరగా ఒకటి దూరంగా, ఏకకాలంలో తీయడం మామూలయ్యాక, మైకు దూరపు కెమెరా ఫ్రేముకు లొంగి ఉండాలి, తెరమీదేమో దగ్గరి షాట్ కనిపిస్తుంది. సౌండ్ విభాగం వారికి ఇంతకన్నా చేదు మాత్ర లేదు.

అందుకు విరుగుడు నటుడి ఒంటిమీదే మైకు దాచడం. బఠానీగింజ కన్నా చిన్నదైన ఈ లేపెల్ మైకు ఎలక్ట్రెట్ అనే పదార్థంతో సాధ్యమైంది. శాశ్వతంగా విద్యుదావేశాన్ని నిలుపుకునే ఈ పొరను 1962లో బెల్ ప్రయోగశాలలో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ మైకుకు పనికొచ్చేలా మలిచారు. 1964 నాటి ‘మై ఫెయిర్ లేడీ’లో రెక్స్ హారిసన్ టైలో వైర్‌లెస్ మైకు దాచి అతని పాటలను సెట్ మీదే పట్టుకున్నారు. ఛాతీ మీద ఉన్న మైకు నోటికి 20 సెంటీమీటర్ల లోపే ఉన్నా, అది ఉండవలసిన దిక్కులో ఉండదు. నోటి నుంచి కింది పౌనఃపున్యాలు అన్ని వైపులా పరచుకుంటాయి, పైవి ముందుకే దూసుకుపోతాయి. గడ్డం కింద ఉన్న మైకు గొంతులోని గాంభీర్యాన్ని, ఛాతీ కంపనాన్ని దండిగా తీసుకుని, స, శ, చ వంటి అక్షరాలకు స్పష్టత ఇచ్చే 3,000 హెర్ట్జ్‌ల పైభాగాన్ని పోగొట్టుకుంటుంది. దాని మీద బట్ట కప్పితే మరికొంత పోతుంది.

బట్టల సంగతి చిన్నదిగా కనిపించినా, సింక్ సౌండ్ పనిలో రోజులో ఎక్కువ సమయం మింగేది అదే. ఉతికి మెత్తబడిన నూలు చొక్కా చప్పుడు చేయకుండా ఊరుకుంటుంది; గంజి పెట్టిన ఖద్దరు, జరీ అంచు పట్టుచీర, పాలియెస్టర్ కలిసిన ఓణీ ఊపిరి తీసినప్పుడల్లా గరగరలాడతాయి. మైకు తలకు రెండు పక్కలా అంటుకునే పట్టీ వేసి, ఒంటికీ బట్టకూ కదలకుండా బిగించి, తీగను చిన్న చుట్టుగా మడిచి అతికిస్తే, కింది తీగ లాగినప్పుడు ఆ లాగుడు మైకుదాకా చేరదు. పవిట కింద రవికె అంచున పెట్టిన మైకుకు నల్లపూసలు, మంగళసూత్రం తగిలి టకటకమంటే, వాటిని లోపలి వైపు నుంచి పట్టీతో అంటించాలి. కాస్ట్యూమ్ విభాగం సహకరించకపోతే ఇది జరగదు. చెమట బొట్టు మైకు రంధ్రాన్ని మూసిందంటే మాట ఒక్కసారిగా నీళ్లలోంచి వచ్చినట్టు మారిపోతుంది. కొందరు నటుల విషయంలో జుట్టులో, నుదుటి పైన పాపిట మొదట్లో దాచడం మేలనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ బట్ట రాపిడి లేదు, తల తిప్పినా నోటికి దూరం మారదు.

ఒంటిమీది మైకు నుంచి రికార్డర్‌కు సంకేతం రేడియో తరంగాల మీద వెళుతుంది. 500 మెగాహెర్ట్జ్‌ల దగ్గర తరంగదైర్ఘ్యం 60 సెంటీమీటర్లు. నేరుగా వచ్చిన తరంగానికీ, ఇనుప గేటుకో వ్యానుకో తగిలి వచ్చినదానికీ ప్రయాణంలో అందులో సగం తేడా వస్తే రెండూ కొట్టుకుపోయి ఒక్క క్షణం శబ్దం తెగిపోతుంది. రిసీవర్‌కు ఎడంగా రెండు యాంటెనాలు పెట్టి, ఏ క్షణాన ఏది బాగుంటే దాన్ని తీసుకునే ఏర్పాటు దీనికోసమే.

బూమ్ మాటనూ లేపెల్ మాటనూ కలిపేస్తే రెండింటి మంచీ వస్తుందని అనుకోవడం సహజం. నోటి నుంచి రెండు మైకులకూ ఉన్న దూరాల్లో 34 సెంటీమీటర్ల తేడా ఉంటే ఒకటి రెండోదానికన్నా మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యోవంతు, ఆలస్యంగా వింటుంది. ఆ రెండింటినీ కూడినప్పుడు 500, 1,500, 2,500 హెర్ట్జ్‌ల వద్ద, అలాగే పైపైన, తరంగాల శిఖరాలు లోయల మీద పడి చెరిగిపోతాయి. గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టవుతుంది. నటుడు అడుగు వేసినకొద్దీ ఆ డొల్ల స్వరం మారుతూ పోతుంది. కాబట్టి సెట్ మీద ప్రతి మైకునూ విడి ట్రాక్‌గా నమోదు చేసి, ఎక్కడ దేన్ని వాడాలన్నది తర్వాత నిర్ణయిస్తారు. దర్శకుడు రాబర్ట్ ఆల్ట్‌మన్ 1974లో ‘కాలిఫోర్నియా స్ప్లిట్’కు ఎనిమిది ట్రాక్‌ల యంత్రం తెప్పించి, ఒకరి మీద ఒకరు పడి మాట్లాడే పాత్రలన్నింటినీ వేర్వేరుగా పట్టుకోవడం ఈ పద్ధతికి పేరు తెచ్చింది.

రొద విషయంలో సులువైనవి, కష్టమైనవి రెండూ ఉన్నాయి. ఫ్యాను ఆపవచ్చు, ఫ్రిజ్ ఆపవచ్చు. దాన్ని మళ్లీ ఆన్ చేయడం మరవకుండా తన కారు తాళాలను అందులో పెట్టే రికార్డిస్టులు ప్రపంచమంతటా ఉన్నారు. జనరేటర్ మాత్రం ఆపడానికి వీల్లేనిది. 50 హెర్ట్జ్‌ల విద్యుత్తు కోసం నిమిషానికి 1,500 సార్లు తిరిగే ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజనులో సెకనుకు 75 పేలుళ్లు జరుగుతాయి, మగగొంతు మూలస్వరం సుమారు 85 హెర్ట్జ్‌ల నుంచే మొదలవుతుంది. రెండూ ఇంత పక్కపక్కన ఉన్నప్పుడు ఒకదాన్ని కోసి రెండోదాన్ని చెక్కుచెదరకుండా ఉంచడం కుదరదు. అంత పొడవు తరంగాలను షాట్‌గన్ గొట్టం అడ్డుకోలేదని పైన చెప్పినదే. మిగిలిన మార్గం జనరేటర్ వ్యానును భవనం వెనకకు, ఇంకో వంద మీటర్ల కేబుల్ వేసి దూరంగా పంపడం. ఆ మాట ప్రొడక్షన్ మేనేజరుకు రుచించకపోవడం మామూలే.

నమోదైన శబ్దం బొమ్మతో కలవాలి. సెకనుకు 24 ఫ్రేములు నడిచే సినిమాలో ఒక ఫ్రేము 41.7 మిల్లీసెకన్లు, ఆ వ్యవధిలో గాలిలో ధ్వని సుమారు 14 మీటర్లు ప్రయాణిస్తుంది. శబ్దం బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందుకు వస్తే ప్రేక్షకుడు పసిగట్టగలడని, వెనకబడితే మాత్రం 125 దాకా గమనించడని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం చెబుతుంది. ఈ అసమానతకు కారణం ప్రకృతిలోనే ఉందనిపిస్తుంది: దూరాన చాకలి బండ మీద కొట్టిన బట్ట చప్పుడు కంటికి కనిపించాకనే చెవికి చేరుతుంది గాని, ముందు ఎన్నడూ చేరదు. క్లాప్ బోర్డు రెండు చెక్కలూ తాకిన ఫ్రేమునూ, శబ్దరేఖలో లేచిన నిటారు ముల్లునూ ఒకచోట పెడితే షాట్ మొదట్లో పొత్తు కుదురుతుంది. చివరిదాకా నిలవాలంటే రెండు యంత్రాల గడియారాలూ ఒకే వేగంతో నడవాలి. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్న సాధారణ గడియారం గంటకు 180 మిల్లీసెకన్లు, అంటే నాలుగు ఫ్రేములకు పైగా, పక్కకు తప్పుతుంది. స్టెఫాన్ కుడెల్‌స్కీ స్విట్జర్లాండ్‌లో 1951 నుంచి తయారుచేసిన నాగ్రా టేపు రికార్డర్లలో కెమెరా మోటారు లయనే టేపు మీద ఒక పైలట్ స్వరంగా గీసి ఈ చిక్కు తీర్చారు. ఇప్పుడు కెమెరాకూ రికార్డర్‌కూ ఒకే టైమ్‌కోడ్ ఇచ్చే అతి నిలకడైన గడియారాలు ఆ పని చేస్తున్నాయి.

భారతీయ సినిమా మాట నేర్చింది సింక్ సౌండ్‌తోనే. 1931లో ‘ఆలం ఆరా’ను బొంబాయిలో రైలుపట్టాల పక్కనున్న స్టూడియోలో తీసినప్పుడు, రైళ్లు నిలిచే అర్ధరాత్రి దాటిన వేళల్లో, నటుల దగ్గర మైకులు దాచి, మాటతో పాటు పాటనూ అక్కడే పట్టుకున్నారు. హెచ్. ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’లో సురభి సమాజపు రంగస్థల నటులు నటించారు, కొట్టకొసన కూర్చున్న ప్రేక్షకుడికి వినిపించేలా పలకడం అలవాటైన గొంతులు ఆనాటి మైకులకు వరమే అయి ఉండాలి. 1935లో నేపథ్యగానం వచ్చి పాటను సెట్ నుంచి విడదీసింది. మాటను విడదీసిన కారణాల్లో పెద్దది ఒక కెమెరా. భుజానికెత్తుకుని ఎక్కడికైనా పోగలిగిన ఆరిఫ్లెక్స్ 2సీ నడుస్తున్నప్పుడు కుట్టుమిషనులా టకటకలాడుతుంది, దాని పక్కన మైకు పెట్టి ప్రయోజనం లేదు. డబ్బింగ్ మరిగాక అలవాట్లు దాని చుట్టూనే పెరిగాయి: తెలుగు రాని నాయికకు కెమెరా పక్కనుంచి మాటలు గట్టిగా అందించడం, టేకు నడుస్తుండగానే దర్శకుడు సూచనలివ్వడం. వీటివల్ల గొప్ప డబ్బింగ్ కళాకారులు పుట్టారు, ఆ కళను తక్కువ చేయడం న్యాయం కాదు. అయితే పాత తెలుగు సినిమాల్లో వీధిలో మాట, వంటింట్లో మాట, పొలంగట్టు మీద మాట ఒకే గదిలోంచి వచ్చినట్టు వినిపించడానికీ కారణం ఇదే. 2001 నాటి ‘లగాన్’ భుజ్ దగ్గరి పల్లె సెట్‌లో మాటలన్నీ అక్కడికక్కడే నమోదు చేసి జాతీయ పురస్కారం అందుకున్నాక, చప్పుడు చేయని కెమెరాలు కూడా వచ్చాక, ఈ పద్ధతి దేశంలో మళ్లీ పుంజుకుంది.

ఫ్రేముకూ మైకుకూ ఉన్న తగవులో ఈ మధ్య కాలంలో బొమ్మ కూడా తగ్గడం మొదలైంది. 2012 నాటి ‘లే మిజెరాబ్ల్’లో నటులు చెవిలో దాచిన బుల్లి స్పీకర్లలో పియానో వింటూ సెట్ మీదే పాడారు, వారి లేపెల్ మైకులను బట్టల కింద కాక పైనే పెట్టి, తర్వాత కంప్యూటర్‌తో చెరిపేశారు. అదే ధైర్యంతో కెమెరా కదలని షాట్‌లలో బూమ్‌ను ఏకంగా ఫ్రేములోకే దించి, మైకు లేని ఖాళీ ఫ్రేమును విడిగా తీసుకుని, దానితో కప్పేస్తున్నారు. కెమెరా కదిలితే ఫ్రేముకు ఫ్రేము చెరపాలి గనుక ఖర్చు పెరుగుతుంది, మైకు నీడ నటుడి చెంప మీద పడితే మరీ కష్టం. అందువల్ల ఈ వెసులుబాటు ఎన్ని షాట్‌లకు దొరుకుతుందన్నది చిత్రీకరణ మొదలుకాక ముందే ఛాయాగ్రాహకుడు, సౌండ్ రికార్డిస్టు, గ్రాఫిక్స్ పర్యవేక్షకుడు ఒకే బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోవలసిన లెక్క.